ఆకు ముట్టనివాడి సలహా

ఊరి చివర ఒక రైతు పెరట్లో పశువుల పాక, దాని పక్కన గడ్డివామి, ఆ రెంటికీ మధ్య ఒక కోళ్లగూడు ఉండేవి. గూటి ముందు ఎప్పుడో వేసి వదిలేసిన పందిరి రాటలు ఉత్తినే నిలబడి ఉన్నాయి. ఆ గూట్లో చుక్కమ్మ అనే కోడిపెట్ట పిల్లల్ని వేసుకుని కాపురం చేసేది. దేని కింద ఏముందో చూడనిదే దానికి తోచదు. ఆకు కనిపిస్తే తిరగెయ్యాలి, పెంకు కనిపిస్తే దొర్లించాలి.

తొలకరి పడగానే గద్ద వచ్చి దాని పిల్లల్లో ఒకదాన్ని తన్నుకుపోయింది. ఆ రోజు నుంచి చుక్కమ్మ మేత మీద ఒక కన్ను, ఆకాశం మీద ఒక కన్ను వేసి తిరిగేది. రెండు పనులూ సరిగ్గా సాగేవి కావు. పిల్లలేమో గూట్లో ఉండమంటే ఉండవు.

అలా ఉండగా చూరుకి విత్తనం కోసం కట్టిన ఎండు ఆనపకాయ గాలికి తెగి కిందపడి పగిలింది. ఇంకో రోజైతే గింజలన్నీ కడుపులోకి పోయేవే. ఆ రోజు మాత్రం చుక్కమ్మ ఒక గింజని ముక్కున పట్టుకుని ఆగిపోయింది. ఇంత చప్పిడి గింజలోంచి ఇంటి కప్పంతా అల్లుకునే తీగ ఎలా వస్తుంది? అది ఈ రాటల మీద అల్లుకుంటే పైనున్న గద్దకి నా పిల్లలు కనపడరు కదా?

ఆ ఆలోచన రావడమే ఆలస్యం, గూటి ముందు కాలితో గుంట చేసి గింజ పెట్టి మట్టి కప్పింది. మర్నాడు పొద్దున్నే తవ్వి చూసింది. ఏమీ లేదు. మళ్లీ కప్పింది. ఆ మర్నాడూ తవ్వింది. ఒక రోజు గింజ నోరు తెరిచి తెల్లటి కొసేదో బయటికి పెట్టింది. చుక్కమ్మ సంబరపడి, అదేమిటో చూద్దామని అటూ ఇటూ తిప్పింది. కొస తెగిపోయింది.

పాకలో నెమరేస్తున్న మైలయ్య అనే ముసలి ఎద్దు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. చుక్కమ్మ తల వేలాడేసుకుని అతని దగ్గరికి వెళ్లి, తాతా, నా గింజ ఎందుకు చచ్చిపోయింది అని అడిగింది.

"నువ్వు పొదిగే గుడ్డుని రోజూ పగలగొట్టి చూస్తావా?" అన్నాడు మైలయ్య.

చుక్కమ్మకి గబుక్కున అర్థమైంది. మైలయ్య నెమ్మదిగా, నెమరు ఆపకుండానే మిగతా సంగతులు చెప్పాడు. పచ్చిపేడ వెయ్యకూడదట, ఆ వేడికి వేరు మాడిపోతుందట. మట్టయిపోయిన పాత పెంటే వెయ్యాలి. పైమట్టి ఆరితేనే నీళ్లు పెట్టాలి, పాదులో నిలవనివ్వకూడదు. మొలకలు లేచాక బలమైనవి ఒకటో రెండో ఉంచి మిగతావి పీకెయ్యాలి. తీగ సాగితే ఎండుకొమ్మ ఆనించి రాటల మీదికి ఎక్కించాలి.

"అన్నిటికంటే ముందు పాదు చుట్టూ ముళ్లకంప పెట్టుకో అమ్మాయ్."

"ఎవరు రాకుండా తాతా?"

"నువ్వు రాకుండా."

చుక్కమ్మ ముఖం ముడుచుకుంది. నా పాదుకి నేనే దొంగనా అనుకుంటూ వచ్చేసింది.

మిట్టమధ్యాహ్నం గడ్డివామి వెనక నుంచి బావురుపిల్లి వచ్చి గోడమీద కూర్చుంది. చుక్కమ్మ రెక్కలు విప్పి పిల్లల్ని కిందికి లాక్కుంది. పిల్లి మాత్రం అటు చూడనైనా చూడకుండా మూతి తుడుచుకుంటూ, పాదు పెడుతున్నావట చెల్లెమ్మా, మంచి పని అంది. ఎద్దు చెప్పినవన్నీ చుక్కమ్మ నోటనే రాబట్టింది. విని, జాలిగా తలాడించింది.

"ఆ తాత ఏం తింటాడు?"

"గడ్డి, ఆకూ అలమూ."

"మరి ఆకు తినేవాడు మొక్కలు పీకెయ్యమనక ఏమంటాడు? పీకినవి ఎవరి తొట్లో పడతాయనుకున్నావు? నా సంగతి చూడు. పుట్టి బుద్ధెరిగాక ఆకు ముట్టినవాణ్ణి కాదు. నీకు చెబితే నాకేమిటి లాభం?"

అది నిజమే అనిపించింది చుక్కమ్మకి. ఈ పిల్లి ఆకు తినగా పెరట్లో ఎవరూ చూడలేదు. అయితే ఏం చెయ్యమంటావన్నా అని దూరం నుంచే అడిగింది.

పిల్లి తీరుబడిగా చెప్పింది. మిగిలిన గింజలన్నీ ఒకేచోట పెట్టమంది. ఒక్క మొలకనీ పీకొద్దంది. బిడ్డల తల్లివి, ఏ మొలకని చంపడానికి నీకు చేతులొస్తాయి అంది. పందిరి ఎక్కించడం దేనికి, నేలమీదే గూటిదాకా పాకనిస్తే పిల్లలు ఆకుల కింద దూరి ఆడుకుంటాయి, గద్దకి ఈక కూడా కనపడదు అంది. ఇక కంప మాటే తలపెట్టొద్దంది. ముళ్లు గుచ్చుకుంటాయి కదా, ఎంత లేత ఒళ్లు అంటూ కళ్లు మూసుకుంది.

చుక్కమ్మ అలాగే చేసింది. ఈసారి తవ్వకుండా మాత్రం కాళ్లు బిగబట్టుకుంది. కుడితితొట్టి పొర్లిన నీళ్లు పాదులోకి వచ్చేలా సన్నటి కాలువ గీసింది. మొలకలు గుంపుగా లేచాయి. వానలకి తీగలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పాకి గూటి గుమ్మం ముందు గుబురైపోయాయి. గద్ద రెండుసార్లు చుట్టు తిరిగి వెళ్లిపోయింది. చుక్కమ్మ మైలయ్య వైపు కాస్త గర్వంగానే చూసింది.

కాని పిందె పట్టలేదు. గుబురు లోపలి ఆకులు పండిపోయాయి. ఇంత ఆకు ఉండి కాయ లేకపోవడమేమిటో చుక్కమ్మకి అంతు పట్టలేదు. అదే ఆలోచిస్తుండగా దాని చిట్టిపిల్ల వచ్చి, "అమ్మా, నిన్న పొద్దుగూకాక ఆకుల కింద రెండు మిణుగురులు చూశాను. ఎగరవు, ఆరవు. అలా చూస్తూ ఉన్నాయి" అంది.

చుక్కమ్మ గబగబా లేచింది. పిల్లల్ని గూట్లోకి తోలి, ఒక్కతే ఆకుల కింద దూరింది. గూటి గుమ్మానికి ఒక్క దూకు దూరంలో, ఒక చోట నేల నున్నగా అణిగి ఉంది. వానకి తడిసిన నేలంతా చల్లగా ఉంటే అక్కడ మాత్రం గోరువెచ్చగా ఉంది. ముక్కుతో కెలికితే బూడిదరంగు వెంట్రుకలు వచ్చాయి. గద్ద కంట పడకుండా వేసుకున్న తీగ, పిల్లి పొంచడానికి పక్క పరిచిందని అప్పటికి తెలిసింది.

ఒక్క పరుగున పాకకి వెళ్లి, పిల్లి అన్న మాటలతో సహా జరిగిందంతా చెప్పింది. మైలయ్య దెప్పలేదు. "నేను ఆకు తింటానని నా మాట వినలేదు. తింటాను, కాదనను. తినేవాణ్ణి కాబట్టే ఏ తీగ ఎలా సాగుతుందో తెలుసు. ఆ పిల్లి ఏం తింటుందో అడిగావా?"

అది ఏం తినదో విని చుక్కమ్మ మురిసిపోయిందే తప్ప, ఏం తింటుందని అడగలేదు. తాతా, ఆనాడు చెప్పిన కంప ఇప్పుడు తెచ్చిపెడతావా అంది.

మైలయ్య దడిలోంచి తుమ్మకంప ఒకటి కొమ్ములతో ఈడ్చుకొచ్చి, చుక్కమ్మ చూపించిన చోట పడేశాడు. చుక్కమ్మ పండుటాకులు కాళ్లతో ఎగజిమ్మి ముళ్లు కనపడకుండా కప్పింది. గూట్లోకి వెళ్లి పిల్లల్ని వెనక్కి నెట్టి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

పొద్దుగూకింది. ఆకులు కదిలాయి. బావురుపిల్లి అలవాటైన పక్క కదా అని చూసుకోకుండా పొట్ట ఆనించి పడుకుంది. ఆ మరుక్షణం పెరడంతా దద్దరిల్లేలా అరిచి, కంపతో సహా పైకి లేచి, తీగలు కాళ్లకి చుట్టుకుని మళ్లీ ముళ్లమీదే పడింది.

"ముళ్లు గుచ్చుకుంటాయని చెప్పాను కదా చెల్లెమ్మా" అని మూలిగింది.

"చెప్పావన్నా," అంది చుక్కమ్మ గుమ్మంలోంచి కదలకుండా, "ఎవరికో చెప్పలేదు."

పిల్లి కుంటుకుంటూ గోడెక్కి అవతలికి దూకింది. ఆ పెరడు మళ్లీ తొక్కలేదు.

మర్నాడు చుక్కమ్మ గుండె రాయి చేసుకుని బక్కతీగలన్నీ పీకి మైలయ్య తొట్లో వేసింది. అతను కాదనకుండా తిన్నాడు. మిగిలిన బలమైన తీగ రాటలెక్కి, గూటిమీద గొడుగులా విచ్చుకుని, మొదటి పిందె పట్టింది. ఆ కంపని మాత్రం పాదు చుట్టూ పెట్టుకుంది. రోజూ పొద్దున్నే చుక్కమ్మ దాని బయట నిలబడి, వేరు ఎంత లోతుకి పోయిందో అని మెడ సాచి చూస్తుంది. కాళ్లు దురద పెడుతున్నా తవ్వదు.

కొత్తగా పాదు పెట్టేవాళ్లు సలహా చెప్పినవాడు ఏం తినడో కాదు, ఏం తింటాడో కనుక్కున్నాకే గింజ నాటాలి.