సింహాలు చేసిన తాటాకు చిలకలు

అనగనగా ఒక ఊళ్ళో, ఊరు కనబడకముందే ముక్కుకి బెల్లం వాసన తగిలే ఊళ్ళో, ఒక పిల్ల ఉండేది. దాని పేరు సింహాలు. పేరులో అన్ని సింహాలున్నాయి గానీ మనిషి మాత్రం పిల్లికూనంత. నవ్వకు పండూ, నీకు పేరు పెట్టిన రోజున నువ్వూ అంతే ఉన్నావు. దుప్పటి పైకి లాక్కో, చెప్తాను.

ఆ ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా చెరకు పనే. గానుగలో చెరకు ఆడతారు. ఆ రసం పెద్ద పెనంలో మరగబెడతారు. పాకం ముదిరాక దిమ్మలు పోస్తారు. పెద్దవాళ్ళకి అది పని. పిల్లలకి మాత్రం పాకం రెండిటికి పనికొచ్చేది, నాకడానికీ అంటించడానికీ. గాలిపటం చిరిగితే పాకం. పుస్తకం అట్ట ఊడితే పాకం. వేరే ఊళ్ళల్లో జిగురు సీసాలో అమ్ముతారని చెప్తే ఆ పిల్లలు నమ్మేవాళ్ళు కాదు. నాకడానికి రాని జిగురు ఎవరు కొంటారు చెప్పు?

సింహాలు చేతులు ఊరుకునే చేతులు కావు. కొబ్బరి చిప్ప దొరికితే తాబేలు చేసేది. చీర అంచు దొరికితే గుమ్మానికి తోరణం కట్టేది. చెరకు పిప్పి దొరికితే దాన్ని అల్లి, జడేసి, గోడకి తగిలించేది. చేసినదల్లా ఇంట్లో నలుగురికీ కనబడేచోట పెడితే గానీ దానికి అన్నం సయించదు.

వాళ్ళ నానమ్మ పైడమ్మ ఊరుకునేది కాదు. "ఏటే గుంటా, ఇది ఇల్లా, తీర్థంలో బొమ్మల కొట్టా?" అని రోజూ అడిగేది. అడిగి, గూట్లో తాబేలు మీద దుమ్ము మాత్రం తనే చీర చెంగుతో తుడిచేది. ఎవరూ చూడకుండా తుడిచేదిలే.

ఇలా ఉండగా సింహాలు వాళ్ళమ్మ కనక పురిటికని పుట్టింటికి వెళ్ళింది. వెళ్ళిన మనిషి తమ్ముణ్ణి ఎత్తుకుని వస్తుందని కబురొచ్చింది. అప్పుడు ఇంట్లో దూలానికి ఉయ్యాల కట్టారు. కట్టడమే తరువాయి, బొమ్మలు రావడం మొదలైంది. మేనమామ వెండి మువ్వల గుత్తి పంపించాడు. పట్నం నుంచి మేనత్త, కీ తిప్పితే పాడుకుంటూ తిరిగే ప్లాస్టిక్ బొమ్మలు పంపించింది. ఉయ్యాల చుట్టూ చోటు నిండిపోయేలా ఉంది.

సింహాలు ఆ ఉయ్యాల కింద కూర్చుని ఆలోచించింది. తమ్ముడు కళ్ళు తెరిచి చూస్తాడు. మామయ్య మువ్వలు కనబడతాయి. అత్త బొమ్మలు కనబడతాయి. అక్క చేసింది ఒక్కటీ కనబడదు. మరి ఇంట్లో తనకి ఒక అక్క ఉందని వాడికి ఎలా తెలుస్తుంది?

ఇంత పెద్ద బెంగ దానికి ఎప్పుడూ రాలేదు. పెరుగన్నం కూడా వద్దంది. నువ్వయితే బెంగ ఎంతున్నా పెరుగన్నం వదలవు, నాకు తెలుసు.

అప్పుడు సింహాలు మొదటి చిలకని చేసింది. వరి కంకులు ఏరుకొచ్చి, పాయలు పాయలుగా అల్లి, ముక్కు దగ్గర ఒక పండు మిరపకాయ పెట్టి, చిలకని కట్టింది. బంగారంలా ఉంది. ఉయ్యాల తాడుకి వేలాడదీసింది. ఊపితే ఎలా ఉంటుందో చూద్దామంటే ఖాళీ ఉయ్యాల ఊపకూడదు కదా, పిల్లాడికి కడుపునొప్పి వస్తుందంటారు. అందుకని ఒక గుమ్మడికాయకి టోపీ పెట్టి అందులో పడుకోబెట్టి ఊపింది. అదే సమయానికి అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని గుమ్మంలో దిగింది. దిష్టి తీయాల్సిన నానమ్మ హారతి పళ్ళెం పట్టుకుని ఒకసారి పిల్లాణ్ణి, ఒకసారి గుమ్మడికాయని చూసింది. నాన్న మాత్రం, పెద్దబ్బాయి బొద్దుగా ఉన్నాడే అని గుమ్మడికాయ బుగ్గ గిల్లాడు.

ఆ పూట బాగానే గడిచింది. మర్నాడు పొద్దున్న పిచ్చుకలు వచ్చాయి. కిటికీలోంచి ఒకటి వచ్చింది, చూసింది, వెళ్ళి చుట్టాలందరినీ పిలుచుకొచ్చింది. చిలక తోక తిన్నాయి. రెక్కలు తిన్నాయి. ఊకంతా తమ్ముడి ముఖం మీద రాలింది. వాడు తుమ్మాడు. ఇంకోటి కూడా రాలింది గానీ అది నానమ్మ నెత్తిమీద పడింది, దాని సంగతి పడుకునే ముందు చెప్పకూడదు. నాన్న నవ్వితే నానమ్మ కూడా నవ్వి, పోనీలే, చిన్నపిల్ల అంది.

ఆ తర్వాత సింహాలు రెండో చిలకని చేసింది. ఈసారి గింజలొద్దు అనుకుంది. తాటాకు తెచ్చి నీడన ఆరబెట్టింది. రెక్కలు వేరే కోసింది, తోక వేరే కోసింది, అన్నిటినీ కలిపి అంటించింది. దేంతో అంటించింది? నువ్వే చెప్పు. ఆఁ, పాకంతోనే. వేరే జిగురు ఉంటుందని దానికి తెలీదని చెప్పానుగా. రంగు కాగితాలు, గాజు ముక్కలు కూడా అద్దింది. తాటాకు చిలక తళతళా మెరిసింది. ఇరుగమ్మలు వచ్చి చూసి, మా ఇంటికీ ఒకటి చేసిపెట్టవే అని అడిగారు. సింహాలు మెడ ఒక బెత్తెడు పొడుగు పెరిగింది.

మధ్యాహ్నానికి ఒక చీమ వచ్చింది. పాపం, దారి తప్పి వచ్చిందనుకున్నారు. దాని వెనకాల ఇంకోటి. ఆ తర్వాత దూలం మీంచి ఉయ్యాల తాడు దాకా నల్లటి గీత గీసినట్టు బారు కట్టాయి. చిలక దగ్గర ఆగినవి ఆగాయి. ఆగనివి తాడు పట్టుకుని కిందికి దిగాయి. తమ్ముడి చిటికెన వేలు మీద ఒకటి కుట్టింది.

వాడు ఏడ్చిన ఏడుపుకి గానుగ పాకలో నాన్న పెనం వదిలి పరిగెత్తుకొచ్చాడు. అమ్మ ఆ వేలు నోట్లో పెట్టుకుని ఊరడించింది. నానమ్మ ఉయ్యాల బట్టలన్నీ దులిపి, చిలకని రెండు వేళ్ళతో పట్టుకుని పెరట్లోకి విసిరేసింది. విసిరేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇదిగో చెప్తున్నాను. ఇక నీ బొమ్మ ఏదీ ఈ ఉయ్యాల దరిదాపులకి రాకూడదు."

ఈసారి నాన్న నవ్వలేదు. అమ్మ కూడా, ఒద్దులేమ్మా, వాడు కాస్త పెద్దవాడయ్యాక చూద్దాం అంది. మెల్లగానే అంది. మెల్లగా అంటే ఇంకా ఎక్కువ ఏడుపు వస్తుంది, నీకు తెలీదూ?

సింహాలు పెరట్లో చెరకు పిప్పి కుప్ప చాటున కూర్చుంది. తమ్ముడి వేలు ఎర్రగా వాచడం దాని కళ్ళల్లోంచి పోలేదు. తను చేసినదే తమ్ముణ్ణి కుట్టించిందని ముక్కు ఎగబీల్చింది. కాసేపు ఏడ్చింది. ఇంకాసేపు ఏడుద్దామనుకుంది గానీ దాని చేతులు ఊరుకోవని చెప్పానుగా. చిలకని తీసి నీళ్ళతో కడిగింది. పాకమంతా పోయింది. గాజు ముక్కలు రాలిపోయాయి, రెక్కలూ ఊడిపోయాయి. మళ్ళీ ఎలా అతకాలి? అప్పుడు నాన్న గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చుకుంది, పురికొస తెచ్చుకుంది. పాకం ఊసెత్తకుండా రెక్కలు కుట్టేసింది. దబ్బనం చేతిలో ఉందిగా అని రెక్కల నిండా చిన్న చిన్న చిల్లులు పొడిచింది. కోపంలో పొడిచిన చిల్లులు కూడా ముచ్చటగానే వచ్చాయి.

పూర్తయ్యాక ఎండకెత్తి చూసుకుంది. అప్పుడు ఒక తమాషా జరిగింది. ఎదురుగా నేలమీద ఇంకో చిలక వాలింది. నల్లటి చిలక, ఒళ్ళంతా వెలుతురు చుక్కలు. సింహాలు చెయ్యి కదిలిస్తే అదీ కదిలింది. పిల్లి ఒకటి కునుకు మానేసి దాని మీదికి దూకింది. చిలక పిల్లి వీపు ఎక్కి కూర్చుంది. పిల్లి తన చుట్టూ తనే తిరిగి, సిగ్గుపడి, వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒక చీమ అటువైపు వచ్చింది. సింహాలు ఊపిరి బిగబట్టి చూసింది. చీమ ఆ నీడమీద నుంచే నడిచిపోయింది. ఆగి రుచి కూడా చూడలేదు.

సింహాలు కన్నీళ్ళు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నానమ్మకి అప్పుడే అనుమానం వచ్చి ఉండేది. కానీ నానమ్మ అక్కడ లేదు.

మర్నాడు పొద్దున్న అమ్మ స్నానానికి వెళ్ళింది. రోజూ అమ్మ అటు వెళ్ళిందంటే తమ్ముడు ఇటు రాగం తీసేవాడు. ఆ రోజు కూడా తీశాడు. నానమ్మ మువ్వలు ఊపింది. వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. పట్నం బొమ్మకి కీ తిప్పింది. అది పాడుతూ తిరిగింది. వాడు దానికంటే పైస్థాయిలో అందుకున్నాడు. ఆ తర్వాత నానమ్మ తనే జోలపాట ఎత్తుకుంది. పెరట్లో కోళ్ళు కూడా దూరంగా వెళ్ళిపోయాయి. వాడు మాత్రం ఊరుకోలేదు.

అప్పుడు సింహాలు చప్పుడు చేయకుండా ఉయ్యాలకి ఎంతో దూరంగా ఉన్న తూర్పు కిటికీ దగ్గరికి వెళ్ళింది. చిలకని ఊచకి కట్టింది. వెనక్కి వచ్చి, బుద్ధిమంతురాల్లా చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది.

పొద్దుటి ఎండ కిటికీలోంచి ఏటవాలుగా లోపలికి వచ్చింది. గాలికి చిలక కదిలింది. ఉయ్యాల బట్టమీద నీడ చిలక రెక్కలు విప్పింది. దాని చుట్టూ వెలుతురు చుక్కలు రాలినట్టు ఆడాయి. ఒక చుక్క తమ్ముడి గుప్పిట మీద పడింది. వాడు ఏడుపు సగంలో ఆపాడు. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. కళ్ళు చిలక వెంట అటు వెళ్ళాయి, ఇటు వచ్చాయి. తర్వాత బోసి నోటితో ఊఁ అన్నాడు.

స్నానం చేసి తడి జుట్టుతో వచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఎందుకు ఇల్లంతా ఇంత నిశ్శబ్దంగా ఉందని భయపడిందట. నానమ్మ ఉయ్యాల చూసింది, నీడ చూసింది, నీడ వెంట కిటికీ దాకా చూసింది, అక్కణ్ణుంచి గోడకి ఆనుకున్న సింహాలుని చూసింది.

"దరిదాపులకి రావద్దన్నానా లేదా?"

"చిలక రాలేదు నానమ్మా. దాని నీడ వచ్చింది. నీడకి చీమలు పట్టవు, నేను చూశాను."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నానమ్మ మువ్వలు సర్దినట్టు నటించింది.

కానీ ఎండ మన మాట వింటుందా పండూ? పొద్దు పైకి ఎక్కుతున్న కొద్దీ నీడ చిలక ఉయ్యాల మీంచి జారింది. నేల మీదికి దిగింది. కిటికీ గోడ వైపు జరుగుతూ పోయింది. తమ్ముడి కళ్ళు వెతికాయి. పెదవి వంకర తిరిగింది. ఇంట్లో అందరికీ తెలుసు, ఆ పెదవి తర్వాత ఏం వస్తుందో.

నానమ్మ దూలం వైపు చూసింది. గోడ వైపు చూసింది. ఎవరి వైపూ చూడకుండా చెయ్యి చాపింది.

"ఆ చిలకని ఇలా పట్రా."

"ఉయ్యాల దగ్గరికి రాకూడదన్నావుగా."

"ఎవరే అన్నది?" అంది నానమ్మ.

సింహాలు చిలకని తెచ్చి చేతిలో పెట్టింది. నానమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. కుట్లు లాగి చూసింది. అంచులు తమ్ముడికి గీసుకుంటాయేమోనని బొటనవేలితో తడిమి చూసింది. అప్పటికీ నమ్మకం కుదరక, ఒకసారి నాలుక చివర రెక్కకి ఆనించి రుచి చూసింది. తియ్యగా లేదు.

అప్పుడు నానమ్మ మేనమామ వెండి మువ్వల్ని ఒక పక్కకి జరిపింది. మేనత్త బొమ్మల్ని ఇంకో పక్కకి జరిపింది. మధ్యలో, తమ్ముడి చెయ్యి అందనంత పైన, కళ్ళకి మాత్రం సరిగ్గా ఎదురుగా, తాటాకు చిలకని తన చేత్తో ముడేసి కట్టింది. కట్టి, ఉయ్యాల మీదికి వంగి, మనవడి చెవిలో చెప్పింది.

"చూడరా అయ్యా. ఇది మీ అక్క చేసింది."

వాడికి ఏం అర్థమైందో మనకేం తెలుసు. చిలకని చూశాడు, పక్కనే ఉయ్యాల అంచు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడిన సింహాలు ముఖం చూశాడు. వాడి చూపు అక్కడే ఉండిపోయింది, చిలక వైపు మళ్ళీ తిరగలేదు.

ఆ తర్వాత ఊళ్ళో ప్రతి కిటికీకీ ఒక చిలక వేలాడింది. కొన్ని ఇళ్ళల్లో నెమళ్ళు, ఒక ఇంట్లో చేప. పిల్లలు కుట్టడం, పెద్దవాళ్ళు కట్టడం, పొద్దున్నే గోడల మీద నీడలు ఎగరడం. చుట్టాలు వచ్చి, ఇంత అందమైన ఇళ్ళు ఎక్కడా చూడలేదనేవాళ్ళు. పాకం మాత్రం పిల్లలు అప్పటి నుంచి ఒక్క పనికే వాడారు. ఏ పనికో నీ నాలుకని అడుగు.

ఇక కళ్ళు మూయి. నేను పాడతాను, నువ్వు వింటూ జారిపో.

చిలకమ్మ వాలింది కిటికీలోన,
చిలకమ్మ నీడేమో ఉయ్యాలలోన.
తమ్ముడికి నవ్వొచ్చె బుగ్గల్లోన,
అక్కమ్మ మురిసింది మనసులోన.
కథ నడిచి పోయింది కంచిలోన,
మన పండు ఒదిగింది దుప్పట్లోన.