పన్నెండో అధ్యాయం

డెన్మార్క్ నుంచి వచ్చినామె మూడు రోజులుగా మఠం వసారాలో కూర్చుని ఉంది. ఆమెను ఎలా పంపించాలో మఠంలో పూజ చేసే పశుపతికి తోచడం లేదు.

ఆమె పేరు కిర్‌స్టెన్. మన దర్శనాలు చదువుకుని అక్కడి కాలేజీలో పాఠాలు చెబుతుంది. తెలుగూ నేర్చుకుంది. పౌరాణిక నాటకంలో పాత్రలా మాట్లాడుతుందని పశుపతి వంటశాలలో అందరినీ నవ్వించాడు. ఆమె కోరింది ఒకటే. మఠం స్థాపించిన గురువు రాసిన తాళపత్ర గ్రంథంలో చివరి అధ్యాయం, పన్నెండోది, ఒక్కసారి చూడాలి.

మిగతా పదకొండూ ఆమె దగ్గరున్నాయి. నూట యాభై ఏళ్ళ కిందట ఒక పాదిరీ ఈ వసారాలోనే కూర్చుని ఎత్తి రాసుకున్నాడు. పన్నెండోది మొదలుపెట్టకముందే జ్వరంతో పోయాడు. కాగితాలు ఓడెక్కి వాళ్ళ దేశం చేరాయి.

"అది దొంగతనం. ముట్టుకున్నందుకే పోయాడు," అన్నాడు పశుపతి.

"ఆయన చదవలేకపోయింది నేను చదువుతాను. మీ ఎదుటనే," అంది ఆమె.

"పద్నాలుగేళ్ళుగా ఈ చేతులతో పూజ చేస్తున్నానమ్మా. మీకది పరిశోధన. మాకు దేవత."

నాలుగో రోజు పొద్దున పూజయ్యాక మఠాధిపతి చిద్ఘన స్వామి ఇద్దరినీ పిలిచి గ్రంథం తెమ్మన్నారు. పశుపతి పట్టుగుడ్డ తీసి పీట మీద పెట్టాడు. పైచెక్క మీద కుంకుమ వేలెడు మందాన గట్టిపడి ఉంది. ఏటా దసరాకి గంధం, కుంకుమ, పాలు. పశుపతి కంటే ముందున్నవాళ్ళు చల్లినవీ ఉన్నాయి.

"విప్పు," అన్నారు స్వామి.

పశుపతి కదల్లేదు. "ఆ పాదిరీ తరవాత ఎవరూ విప్పలేదు కదా స్వామీ."

"ఇప్పుడు విప్పు."

తాడు చేతిలోనే తెగిపోయింది. ఆకులు విడిపోలేదు. అన్నీ కలిసి ఇటుకలా పైకొచ్చాయి. గోటితో అంచు కదిపితే ఇటుక రెండుగా విరిగింది. లోపల బూజు, పురుగులు తొలిచిన దారులు. ఒక్క అక్షరం లేదు. పన్నెండో అధ్యాయం ఉండాల్సిన చోట గుప్పెడు పొడి ఉంది.

కిర్‌స్టెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పశుపతి స్వామి వైపు చూశాడు. ఆయన ముఖంలోనూ నెత్తురు లేదు.

"నేనూ దణ్ణం పెట్టి వెళ్ళినవాణ్ణే," అన్నారాయన.

కిర్‌స్టెన్ తన సంచీ తెరిచింది. సరిపోల్చుకోవడానికి తెచ్చుకున్న పదకొండు అధ్యాయాలూ తీసి స్వామి ముందు పెట్టింది. పాదిరీ రాసుకున్న కాగితాలకు ఫోటోలవి. గుండ్రటి తెలుగు అక్షరాలు, పిల్లవాడు కాపీ పుస్తకంలో దిద్దినంత జాగ్రత్తగా.

"ఇవి ఇక్కడ ఉండనివ్వండి," అంది.

స్వామి ఉత్తరీయంతో పీట తుడిచి కాగితాలు దాని మీద పెట్టారు. పశుపతి చెయ్యి దానంతటదే కుంకుమ భరిణెలోకి వెళ్ళింది. స్వామి ఆ చెయ్యి పట్టుకుని, ఎర్రబడ్డ రెండు వేళ్ళూ శుభ్రంగా తుడిచారు.

"చదువు నాయనా."

మొదటి పేజీలో అన్నిటికంటే పైన, ఎత్తి రాసుకున్నవాడి పేరుంది. పశుపతి అక్కణ్ణుంచే మొదలుపెట్టాడు.