రెండో గ్లాసు

సోమలింగానికి కాశీలో విశ్వనాథుడి మీద కన్నా, మఠంలో శివరాత్రికి పంచే భంగు మీదే మనసు చిక్కుకుంది. కారణం లేకపోలేదు. ఆ గ్లాసు తాగిన సాయంత్రం, చనిపోయిన భార్య నూకరత్నం వచ్చి గడప పక్కన మెట్టు మీద కూర్చుంది. అచ్చం ఆవిడే. అదే ముక్కుపుడక, అదే చింతపండు రంగు చీర.

అనకాపల్లిలో బెల్లం వండుకునే సోమలింగం ఆవిడ అస్థికలు గంగలో కలపడానికొచ్చి మళ్లీ వెనక్కి పోలేదు. పోతే ఇంట్లో ఎవరున్నారు గనక? మఠంలో చిదంబరస్వామి దగ్గర చేరాడు. జపం చేయమంటే చేశాడు. జపంలో ఆవిడ రాలేదు. భంగులో వచ్చింది.

ఇక ఊరుకుంటాడా? పండగ దాటిపోయినా రోజూ సందు చివరి కొట్లో ఆకు తెచ్చుకోవడం, కడిగి బాదంపప్పు, మిరియాలు, సోంపుతో నూరడం, పాలల్లో కలిపి శివుడికి చూపించి తాగడం. జపమాల మూలన పడింది. తిండి ధ్యాస లేదు. మనిషి పుల్లలా అయిపోయాడు. తోటివాళ్లు చూడలేక స్వామి చెవిన వేశారు.

స్వామి కోప్పడలేదు. ఒక సాయంత్రం తనే వచ్చి సన్నికల్లు పక్కన చతికిలబడ్డాడు.

"రోజూ వస్తోందా?"

"వస్తోంది స్వామీ. దీన్ని మాత్రం మాన్పించకండి. ఇంకెక్కడా నాకు ఆవిడ దొరకదు." అన్నాడు సోమలింగం.

"నేనెందుకు మాన్పిస్తాను నాయనా? కానీ ఇదేం మర్యాద? ఇంటావిడ ఎదురుగా కూర్చుంటే నువ్వొక్కడివే తాగుతావా?"

స్వామి లేచి ఇంకో గ్లాసు తెచ్చాడు. అందులోనూ పోసి మెట్టు మీద పెట్టాడు.

"ఆవిడకీ ఇవ్వు" అని తన దారిన తాను వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున స్వామి మారేడు మొక్కకు నీళ్లు పోస్తుంటే సోమలింగం వచ్చి నిలబడ్డాడు.

"ఇచ్చావా?"

"ఇచ్చాను స్వామీ."

"ఏం చేసింది?"

"తాగింది. నా వైపు చూసి నవ్వుతూ తాగింది."

"తాగిందా?" అన్నాడు స్వామి. మళ్లీ మొక్క వైపు తిరిగాడు.

సోమలింగానికి అప్పుడు గుర్తొచ్చింది. బెల్లం పొయ్యి దగ్గర నలుగురితో కలిసి ఇంత కల్లు పుచ్చుకుని ఇంటికొస్తే, చేతిలో ముంత లాక్కుని వీధిలోకి విసిరేసిన మనిషి నూకరత్నం. తిట్టేది. "నువ్వేమైనా అయితే నేనెవరి మొహం చూసి బతకాలి?" అని తిట్టి తిట్టి తనే ఏడ్చేది. ఏడుపు తగ్గాక వేడన్నం పెట్టేది. ఆ మెట్టు మీద కూర్చున్నావిడ ఒక్కనాడైనా తిట్టిందా? తను ఏమన్నా తలూపడమే.

ఆ సాయంత్రం చెయ్యి అలవాటుకొద్దీ ఆకు నూరింది. రెండు గ్లాసులూ నింపి వాటి ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఎంత గుంజిందో ప్రాణం ఆ గ్లాసు వైపు! చివరికి లేచి, రెండూ పట్టుకెళ్లి తూములో పారబోశాడు.

పారబోస్తూ తనలో తనే గొణుక్కున్నాడు.

"బుద్ధుందా నీకు? అద్దంలో మొహం చూసుకున్నావా? నువ్వేమైనా అయితే నేనెవరి మొహం చూసి బతకాలి?"

ఆ మాట నోట్లోంచి రాగానే తూము పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. కాశీకొచ్చాక అలా ఏడవడం అదే మొదలు.

ఆ గొణుగుడు విన్న స్వామి వెనక నుంచి వచ్చాడు. వేడన్నం పెట్టిన విస్తరి అతని ముందుంచాడు.

"ఆవిడ వచ్చిందిగా. తిను నాయనా."