చెయ్యి జారే చోటు

పదేళ్లు గురువు పక్కన తోలుబొమ్మల పుల్లలు పట్టాక పెన్నోబులేసు సొంతంగా ఒక కథ కట్టాడు. రేపు ఊళ్లో ఆడాలంటే ఇవాళ గురువు ఖండోజీ సరే అనాలి.

కథ వాడిదే. చిన్నప్పుడు తమ్ముడి చెయ్యి పట్టుకుని ఏరు దాటుతుంటే వరదొచ్చింది. తమ్ముడు పోయాడు, వీడు మిగిలాడు. చెయ్యి జారిందని అమ్మతో చెప్పాడు. పాపం ఆ తల్లి ఇన్నేళ్లూ ఆ మాటే అందరికీ చెప్పుకుంటూ బతుకుతోంది. రేపు ముందు వరసలో కూర్చునేదీ ఆవిడే.

మధ్యాహ్నం ఇంట్లో తలుపులు మూసి గురువుకి ఆడి చూపించాడు. ఆట బాగానే నడిచింది. వరద వచ్చేసరికి మాత్రం తెర వెనక బల్బు ఆర్పేసి గుడ్డిదీపం పెట్టాడు. రెండు బొమ్మలూ మసకలో కలిసిపోయాయి. మళ్లీ వెలుగొచ్చేసరికి ఒక్కటే మిగిలింది.

"ఏం జరిగిందిరా ఆడ?" అన్నాడు ఖండోజీ తెర ముందు నుంచి.

"అదే కదయ్యా అందం. జారిందో, వదిలినాడో చూసేవాళ్లే తేల్చుకోవాల. ఇప్పుడు సినిమాలన్నీ ఇట్లనే తీస్తాండారు. అన్నీ విప్పి చెప్తే ఏం మజా ఉంటాది?"

మాటలు మాత్రం బలే నేర్చాడు.

ముసలాయన లేచి తెర వెనక్కి వచ్చాడు. గుడ్డిదీపం ఆర్పేసి బల్బు ఒక్కటే ఉంచాడు. తమ్ముడి బొమ్మ తాను పట్టుకుని, అన్న బొమ్మ శిష్యుడికిచ్చాడు. ఒక తోలుచెయ్యి మీద ఇంకో తోలుచెయ్యి ఆనించాడు.

"ఊఁ, జార్చు."

పెన్నోబులేసు కదల్లేదు. బొమ్మ చెయ్యి దానంతటది జారదు. పుల్ల పట్టినవాడు లాగాల్సిందే.

"చూసేవాళ్లకి తెలీకపోతే పోనీ. ఆడించేవానివి, నీకు తెలియాల కదరా."

"నాకేం తెలుస్తాదయ్యా, అప్పుడు ఎనిమిదేండ్లోణ్ని."

ఖండోజీ తన చేతిలోని పుల్ల దించలేదు. తమ్ముడి బొమ్మను పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. ఆఖరికి శిష్యుడి చేతిలో పుల్ల కదిలింది. అన్న చెయ్యి ఒక్క గుంజుతో వెనక్కొచ్చింది.

"వాడు నన్ను లోపలికి లాగుతాండాడయ్యా," అన్నాడు పెన్నోబులేసు. సిగ్గుతో వాడి తల లేవలేదు. "ఇదిలించుకున్నా."

గురువు తమ్ముడి బొమ్మను వాడి ఒళ్లో పెట్టి లేచాడు.

"ఇప్పుడు తగ్గించుకో దీపం. మీ అమ్మ ఇది చూస్తే తట్టుకోలేదు."