పూటకూళ్లవ్వ గారెలు

కాకినాడలో చిదంబరం అనే ఇన్సూరెన్సు ఉద్యోగికి అన్నీ ఉండేవి కానీ, ఎదుటివాళ్ల ముఖం మీద "బాగోలేదు" అనే నోరు మాత్రం ఉండేది కాదు. సెలూన్లో చెవి పక్కన గాటు పడితే "పర్లేదు, చల్లగా ఉంది" అనేవాడు. పెళ్లిలో పప్పు మాడితే "భలే వాసన" అని మారు వడ్డించుకునేవాడు. ఎదురింటి సుభద్రమ్మగారు ఒకసారి తొందరలో కాఫీలో పంచదారకు బదులు ఉప్పు వేసి ఇచ్చింది. చిదంబరం కళ్లు మూసుకుని గ్లాసు ఖాళీ చేసి, "ఇలాంటి కాఫీ జన్మలో తాగలేదండీ" అన్నాడు. ఆ మాట నిజమే. కానీ అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆవిడ పిలిచి మరీ కాఫీ ఇచ్చేది. ప్రతి ఆదివారం అందులో ఉప్పే ఉండేది. అతను తాగుతూనే ఉండేవాడు.

చిదంబరం అక్క కూతురు మందాకిని వీడియో గేము తయారుచేస్తుండేది. దాని పేరు గరుడదుర్గం. ఆడేవాళ్లు అందులో ఒక వీరుడి వేషం కట్టి, దారిలో కనిపించిన వాళ్లతో మాట్లాడుతూ, ఆయుధాలూ మంత్రాలూ సంపాదించుకుంటూ, కొండ మీది కోటకి చేరి మాంత్రికుణ్ణి ఓడించాలి. ఆట ఇంకా సగంలోనే ఉంది. కోటకి మూడు వైపులే గోడలున్నాయి. మాంత్రికుడికి ఇంకా ముఖం గీయలేదు.

మందాకిని తండ్రికి ఓపిక అయిపోయింది. "విశాఖలో గేముల ప్రదర్శన ఉందన్నావుగా. అక్కడ ఎవరైనా పెట్టుబడి పెట్టి దీన్ని పూర్తి చేయిస్తే సరే. లేదంటే ఈ పని కోసం తీసుకున్న ఆ అద్దె గది ఖాళీ చేసి ఉద్యోగంలో చేరు" అన్నాడు.

మందాకిని ఒప్పుకుంది. వెంటనే మేనమామను పిలిచింది. చిన్నప్పటి నుంచి వీడియో గేములు ఆడటంలో ఇంట్లో అతన్ని మించినవాళ్లు లేరు.

"మావయ్యా, ఇది ఆడి చూడు. బాగుందని మాత్రం చెప్పకు. ఎక్కడ బాగోలేదో చెప్పు. అన్నం పొయ్యి మీద ఉండగానే మెతుకు పట్టి చూస్తాం కదా, అలా అన్నమాట."

"ఓస్, అంతేనా!" అని చిదంబరం కుర్చీలో కూర్చున్నాడు.

గుర్రమెక్కాడు. గుర్రం కొండ మీదికి వెనక్కి నడిచింది. 'పాపం, దానికి అలా అలవాటేమో' అనుకున్నాడు. రాజుగారి దర్శనానికి వెళ్లాడు. మాటలు ముగించి రాజుగారు లోపలికి వెళ్లిపోయాడు. మీసాలు మాత్రం సింహాసనం ముందు గాలిలోనే నిలబడి ఉన్నాయి. చిదంబరం వాటికి కూడా ఒక నమస్కారం పెట్టి బయటికొచ్చాడు.

దారిలో పూటకూళ్లవ్వ ఇల్లు వచ్చింది. అవ్వ అరుగు మీద కూర్చోబెట్టి వేడి గారె వడ్డించింది. "ఇంకోటి వేసుకో నాయనా" అంది. తెర మీద రెండు మాటలు వెలిగాయి: 'చాలు అవ్వా' అని ఒకటి, 'వడ్డించు' అని ఒకటి. మామూలు మనిషైతే ఒకటి తిని, చాలని నొక్కి, కోట దారి పట్టేవాడు. చిదంబరం వేలు 'చాలు' దాకా వెళ్లి ఆగిపోయింది. అంత ప్రేమగా పెడుతుంటే వద్దంటే ముసలావిడ ఏమనుకుంటుంది? వడ్డించమన్నాడు. అవ్వ మళ్లీ అడిగింది. అతను మళ్లీ వడ్డించమన్నాడు. అలా విస్తరి మీద గారెలు గుట్టలు పడుతుండగా, ఉన్నట్టుండి అరుగు కాళ్ల కింద నుంచి మాయమైంది. వీరుడు భూమిలోంచి జారి, తెల్లటి శూన్యంలోకి పడిపోసాగాడు. రాజ్యమంతా పైన కప్పులా కనిపించింది. గుర్రం డెక్కలు, అవ్వ మడమలు, ఇళ్ల పునాదులు అన్నీ కనిపించాయి. ఏ మీట నొక్కినా వీరుడు ఆగలేదు. చివరికి కంప్యూటరు ఆపేయాల్సి వచ్చింది.

మందాకిని టీ తీసుకుని వచ్చింది. నిద్రలేక ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఎలా ఉంది మావయ్యా?"

చిదంబరం ఆ కళ్ల వంక చూశాడు.

"ఆ అవ్వ గారెలు..."

"ఆఁ, గారెలు?"

"గారెలు కరకరలాడుతున్నాయే అమ్మలూ! అద్భుతం అనుకో. వంక పెట్టడానికి ఏమీ లేదు."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు" అన్నాడు. మేనకోడలి మీద ఒట్టు వేసిన మేనమామను నమ్మక ఎవరిని నమ్ముతుంది? మందాకిని గుండెల మీద చెయ్యి వేసుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ప్రదర్శనకు చిదంబరం కూడా వెళ్లాడు. హైదరాబాదు నుంచి గేముల కంపెనీ తరఫున యశోధరగారు అనే పెద్దావిడ వచ్చి మందాకిని బల్ల ముందు కూర్చుంది. గుర్రం ఈసారి ముందుకే నడిచింది. రాజుగారి మీసాలు రాజుగారితోనే వెళ్లాయి. ఆ రెండూ మందాకిని తనంతట తనే చూసుకుని దిద్దుకుంది. యశోధరగారు ముచ్చటపడి నవ్వింది. చుట్టూ జనం మూగారు. అంతలో పూటకూళ్లవ్వ ఇల్లు వచ్చింది.

"అబ్బ, మా అమ్మమ్మే!" అంది యశోధరగారు. వడ్డించమంది. మళ్లీ వడ్డించమంది.

చిదంబరానికి చెమటలు పట్టాయి. అంత పెద్దమనిషిని తినొద్దని ఎలా చెప్పడం? అయినా ధైర్యం చేసి, "ఇక చాలేమోనండీ" అన్నాడు.

"ఏం, నేను తింటే మీకేం నొప్పి?" అంది ఆవిడ.

"అబ్బే, తినండి తినండి" అన్నాడు చిదంబరం.

ఆవిడ తింది. అరుగు మాయమైంది. వీరుడు పాతాళానికి పోయాడు. జనం గొల్లున నవ్వారు. మందాకిని ముఖం తెల్లకాగితంలా అయింది.

యశోధరగారు మీటలన్నీ నొక్కి చూసి చేతులెత్తేసింది. "ఇక్కడికి తెచ్చే ముందు ఎవరి చేతా ఆడించలేదా అమ్మా?"

"ఆడించానండీ. మా మావయ్య ఆడాడు. ఒక్క లోపం లేదన్నాడు."

అందరూ చిదంబరం వైపు తిరిగారు. అతను నేల చూపులు చూస్తూ, "నేను కూడా పడ్డానే అమ్మలూ, మొదటి రోజే" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు బాధపడతావని."

"ఇప్పుడు సంతోషంగా ఉన్నానా మావయ్యా?" అంది మందాకిని. "మెచ్చుకోవడానికి మా అమ్మ చాలు. నిన్ను పిలిచింది తప్పు పట్టడానికి. ఆ గారెల మాట ఆ రోజే చెప్పి ఉంటే ఒక్క పూటలో సరిచేసేదాన్ని."

యశోధరగారు లేచింది. "అమ్మాయీ, నీకు పనితనం ఉంది. కానీ నీ పక్కన నిజం చెప్పే మనిషి లేడు. అలాంటి మనిషిని వెతుక్కుని వచ్చే ఏడాది రా" అని పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. పెట్టుబడి ఆ పక్క బల్లకే దక్కింది.

మాట ప్రకారం మందాకిని గది ఖాళీ చేసి ఒక ఆఫీసులో చేరింది. సాయంత్రాలు ఇంట్లోనే గేము పని చేసుకునేది. చిదంబరం తల వంచుకుని వచ్చి, "నాకు ఇంకొక్క అవకాశం ఇవ్వవే" అని బతిమాలాడు. మందాకిని ఒక షరతు పెట్టింది: ఆటలో ఒక లోపం చెబితేనే టీ. మొదటి సాయంత్రం అతను టీ లేకుండానే వెళ్లాడు. రెండో సాయంత్రం చాలాసేపు నసిగి, "ఆ మాంత్రికుడి నవ్వు మేక అరిచినట్టుందే" అన్నాడు. మందాకిని ఏడవలేదు, అలగలేదు. "అవును సుమా!" అని నవ్వి అప్పటికప్పుడే మార్చేసింది. టీలో అల్లం కూడా వేసి ఇచ్చింది. చిదంబరం ఆశ్చర్యపోయాడు. నిజం చెబితే ఆకాశం విరిగి పడదని అతనికి అంతవరకూ తెలియదు.

ఆ ధైర్యంతో ఆదివారం సుభద్రమ్మగారింటికి వెళ్లాడు. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఏమీ అనుకోకండి సుభద్రమ్మగారూ, కాఫీలో ఉప్పుందండీ."

"ఎందుకుండదు, నేనేగా వేసింది!" అంది ఆవిడ. "ఆ రోజు పొరపాటున పడితే అంతలా మెచ్చుకున్నావు కదా నాయనా! మా అందరికీ పంచదార కాఫీయే. నీ ఒక్కడికే వేరే గిన్నెలో ఉప్పేసి కలుపుతున్నాను. నిన్ను డాక్టరుకి చూపించమని మా ఆయన ఒకటే గొడవ."

పని సగంలో ఉండగానే లోపం చెప్పేవాడే అయినవాడు. మొహమాటానికి మెచ్చుకునేవాడు ఎదుటివాళ్లకి నష్టాన్నీ, తనకి ఉప్పు కాఫీనీ మిగులుస్తాడు.