రాణిగారి అడుగు పూత

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదులే చిన్నీ, మొన్నమొన్నటి మాటే. మండపేటలో గవర్రాజు అని ఒక మావగారు, సుభాషిణి అని ఒక కోడలు ఉండేవారు. ఊఁ కొడుతున్నావా?

గవర్రాజు ఒకప్పుడు బోర్డులు రాసేవాడు. కిళ్ళీకొట్టు దగ్గర్నుంచి సినిమా హాలు దాకా ఊళ్ళో అన్నిటి మీదా ఆయన చేతిరాతే. స్కేలు పెట్టకుండా గీసినా గీత వంకర పోయేది కాదు. అలాంటి చెయ్యి ఏడాది కిందట వణకడం మొదలెట్టింది. ఆయనకి ఎంత సిగ్గేసిందంటే ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కుంచెలన్నీ ఎవరికో ఇచ్చేశాడు. ఎందుకండీ అని అడిగితే "కళ్ళు కనబడ్డం లేదమ్మా" అనేవాడు. ఉత్త అబద్ధం! ఎదుటి గోడ మీద పాకే చీమ కూడా కనబడేది ఆయనకి.

కోడలికి ఒక సరదా ఉంది. బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మలు తెప్పించుకునేది. రాక్షసులు, రెక్కల గుర్రాలు, కత్తి పట్టిన రాణులు. అవి బొమ్మల్లా రావు మరి. తల ఒకచోట, చెయ్యి ఒకచోట, తోక ఇంకోచోట, అన్నీ ఒక చట్రానికి అతుక్కుని వస్తాయి. ఆ అమ్మాయి మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, ఒక్కొక్క ముక్కా కత్తిరించి, అంచులు నున్నగా గీకి, జిగురు పెట్టి అతికించేది. ఆ తర్వాత స్ప్రే డబ్బాతో అడుగు పూత కొట్టాలి. దాన్నే ప్రైమర్ అంటారు. అది సరిగ్గా పడితేనే పైన రంగు నిలుస్తుంది. అతికించడంలో ఆ పిల్లది బంగారు చెయ్యి. చిక్కంతా అడుగు పూత దగ్గరే వచ్చింది.

మొదట రాక్షసుడికి కొట్టింది. ఆరాక వేలితో తాకితే పూత పొరలా ఊడొచ్చింది. అచ్చులోంచి వచ్చిన బొమ్మకి జిడ్డుంటుంది, ముందు కడగాలి. గవర్రాజుకి ఆ సంగతి తెలుసు. చెబుదామని నోరు తెరిచాడు. చెబితే "మీరే కొట్టి చూపించండి" అని డబ్బా చేతిలో పెడుతుందేమోనని భయమేసి, పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు సుభాషిణి తనే ఆలోచించి, రెక్కల గుర్రాన్ని కుంకుడు రసంతో కడిగింది. తీరా కొట్టేనాటికి ముసురు పట్టింది. గాలిలో తేమకి పూత బొంబాయి రవ్వ జల్లినట్టు గరుకుగా పడింది. గవర్రాజుకి అదీ తెలుసు. అప్పుడూ నోరు మెదపలేదు. తెలిసి చెప్పకపోవడం తప్పే, నేను కాదనను. కానీ భయం అలాంటిది తల్లీ.

మూడోది రాణి. పెట్టె మొత్తంలో అందమైన బొమ్మ. ఆ రోజు ఎండ కాసింది. సుభాషిణి డాబా మీద అట్టముక్క వేసి రాణిని నిలబెట్టింది.

"ఇది కూడా పాడైతే ఇంక నా వల్ల కాదండి మావయ్యగారూ. అన్నీ మూటకట్టి ఎవరికైనా ఇచ్చేస్తాను" అంది.

ఇచ్చేశాక చేతులకి పని లేక రోజులు ఎంత పొడుగవుతాయో ఆయనకంటే ఎవరికి తెలుసు? పైగా చూస్తే డబ్బా రాణి ముఖానికి బెత్తెడు దూరంలో ఉంది. అంత దగ్గర్నుంచి కొడితే కళ్ళూ ముక్కూ పూతలో పూడిపోతాయి.

"ఆగమ్మాయ్!" అని అరిచాడు. "జానెడు పైనే దూరం ఉండాలి. బొమ్మకి ఇవతల మొదలెట్టి, బొమ్మ దాటాక ఆపు. ఒక్కసారే ముంచెయ్యకు. పల్చగా మూడు పూతలు."

సుభాషిణి తెల్లబోయింది. ఆయన భయపడ్డట్టే డబ్బా చాపింది. "అయితే మీరే కొట్టండి మావయ్యగారూ" అంది.

అప్పుడాయన చెయ్యి ముందుకు పెట్టాడు. అది వణికింది. ఈసారి దాచలేదు.

"కళ్ళు కాదమ్మా. నా జబ్బు ఇదీ" అన్నాడు.

సుభాషిణి ఆ చేతిని చూసి, డబ్బా ఆయన వైపే చాపి ఉంచింది.

"కొట్టేముందు డబ్బాని రెండు నిమిషాలు ఊపాలంటండి. నాకు భుజం పడిపోతోంది. మీరు ఊపండి, నేను కొడతాను" అంది.

కోపం తెచ్చుకుందామా అని ఒక్క క్షణం చూశాడాయన. రాలేదు. పకపకా నవ్వాడు. "ఏడాది నుంచీ ఉత్తినే ఊపుతున్నాను కదే!" అని డబ్బా అందుకున్నాడు. రంగు కలవడానికి లోపల వేసిన గోళీ టకటకా మోగింది.

ఆ తర్వాత కోడలు కొడుతుంటే, మావగారు పక్కన నిలబడి "దాటు, దాటు, ఇప్పుడాపు" అన్నాడు. ఒక పూత ఆరింది, రెండో పూత ఆరింది, మూడో పూత ఆరింది. రాణిగారి కనురెప్ప గీత కూడా చెక్కు చెదరలేదు.

"ఇంకా ఎంతమందున్నారమ్మా నీ పెట్టెలో?" అన్నాడు గవర్రాజు.

"ముప్ఫై ఏడుగురండి."

"రేపటికి ఓ నలుగుర్ని ఇలా తీసుకురా. నేను కడుగుతాను. కడగడానికి చెయ్యి వణికితే ఏం?"

కథేమో కంచికి,
రాణేమో రంగుకి,
రాక్షసులు పెట్టెలోకి,
మనమేమో పక్కలోకి.