వణికే చేతికో గాలం కర్ర

ఇటు జరుగు, అమ్మడూ. దుప్పటంతా నువ్వే లాక్కుంటే నేనేం కప్పుకోను? ఆఁ, అలాగ.

ఇందాక పాలగ్లాసు ఇస్తుంటే నా చెయ్యి వణికి నీ గౌను మీద పాలు ఒలికాయి కదా. అప్పట్నుంచీ నా చేతినే చూస్తున్నావు. ఏమీ కాలేదులే. చేతికి వయసొచ్చింది, అంతే. ఇవాళ అలాంటి చేతి కథే చెప్తాను. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నువ్వు ఊఁ కొట్టడం మానేస్తే నేను కథ మానేస్తాను.

అనగా అనగా అనగనగా, చుట్టూ నీళ్ళు, మధ్యలో ఒక ఊరు. పేరు తామరలంక. ఆ ఊళ్ళో పక్కింటికి చింతపండు అప్పుకెళ్ళాలన్నా పడవెక్కాల్సిందే అని మా అమ్మమ్మ చెప్పేది. మా అమ్మమ్మ కొంచెం ఎక్కువే చెప్పేదిలే.

ఆ ఊళ్ళో పేరయ్య అని ఒక తాత ఉండేవాడు. గాలం కర్రలు చెయ్యడం ఆయన పని. వెదురు కోసుకొచ్చి, పొయ్యి మీద అటక ఎక్కించి, పొగకి బాగా ఆరనిచ్చేవాడు. ఆ తర్వాత నిప్పుల కాక చూపించి వంకరలు తీసేవాడు. ఆ తర్వాత ఆముదం పట్టించి, కణుపు కణుపుకీ దారం చుట్టి, పైన లక్క పూసేవాడు. ఆ కర్ర చివర దారం కట్టి, దారానికి గాలం తగిలిస్తే చేపలు పట్టుకోవచ్చు.

ఇదంతా ఎవరైనా చేస్తారు. పేరయ్య తాత గొప్పేమిటంటే, ఒకరికి చేసిన కర్ర ఇంకొకరికి చెయ్యడు. ఎవరి చేతికి తగ్గ కర్ర వాళ్ళకే.

మరి చెయ్యి ఎలా తెలుస్తుంది? ఎవరైనా కర్ర కావాలని వస్తే తాత కొలతలు తీసేవాడు కాదు. "ముందు అన్నం తిను" అనేవాడు. ఆకు వేసి, వేడన్నం పెట్టి, పరిగెల పులుసు పోయించేవాడు. పరిగె అంటే వేలెడంత చేప, ఒళ్ళంతా ముళ్ళే. వచ్చినాయన ముళ్ళు ఏరుకుంటూ తింటుంటే, తాత ఎదురుగా కూర్చుని ఆ చేతినే చూసేవాడు. తొందరపడే చెయ్యా, నిదానం చెయ్యా, గట్టిగా నొక్కే చెయ్యా అని. చూశాక ఆ చేతికి సరిపోయే కర్ర చేసేవాడు. కొందరు పులుసు కోసమే కర్ర కావాలని వచ్చేవాళ్ళట. నువ్వు ఆ ఊళ్ళో పుట్టుంటే నీకూ ఓ నాలుగు కర్రలుండేవి.

ఆ ఊరికి ఇంకో ఆచారం ఉంది. గాలానికి కప్పని గుచ్చరు. కప్పలు అరిచి పిలిస్తేనే వాన వస్తుంది, వానొస్తేనే మనకి నీళ్ళు, అలాంటి కప్పని ఎర వేస్తామా అనేవాళ్ళు. కానీ కొర్రమీనుకి కప్పంటే మహా ఇష్టం. అందుకని జీలుగు బెండుని కప్పలాగ చెక్కి, దారప్పోగులతో కాళ్ళు కట్టి, ఆ ఉత్తుత్తి కప్పని తామరాకుల మధ్య ఆడించేవాళ్ళు. బెండు కప్పకి ప్రాణం లేదు కదా, అమ్మడూ. కర్ర పట్టిన చెయ్యి ఎలా ఆడిస్తే అది అలా ఆడాలి. ఆ చేతికీ ఆ కర్రకీ పొత్తు కుదరకపోతే కొర్రమీను ఇట్టే కనిపెట్టేస్తుంది.

ఆఖరి ఆచారం విను. కర్రలు చేసేవాళ్ళు తమ కర్ర తాము చేసుకోకూడదు. ఎందుకంటే ఎవరి చెయ్యి వాళ్ళకి గొప్పగానే కనపడుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు. అందుకే తాత కర్ర వాళ్ళావిడ చేసి ఇచ్చింది. ఆవిడకీ ఆ పని వచ్చు. ఆవిడ పోయి చాలాకాలమైనా తాత ఆ కర్రతోనే చేపలు పట్టేవాడు.

ఊఁ కొట్టు. ఆఁ.

అప్పుడేమయింది? తాతకి పెద్దతనం వచ్చింది. చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట కాస్త, ఆ తర్వాత ఇంకాస్త, ఆ తర్వాత ఎప్పుడూను. నీళ్ళ దగ్గర కూర్చుంటే కర్ర కొస వెళ్ళి నీళ్ళ మీద టపటపా కొట్టేది. ఆ చప్పుడుకి చేపలన్నీ పరారు. గట్టు మీద ఉన్నవాళ్ళు చూసి కూడా చూడనట్టు మొహాలు తిప్పుకునేవాళ్ళు. ఎవరైనా నవ్వినా బాగుండేది, తిట్టి ఊరుకునేవాడు. జాలిపడితే ఏం చేస్తాడు?

ఒకరోజు తాత కర్ర తీసుకెళ్ళి చూరులో దోపేశాడు. ఆ తర్వాత కర్రలు చెయ్యడం మానేశాడు. ఆ తర్వాత మనుషులకి ఎదురుగా అన్నం తినడం మానేశాడు. మెతుకులు కింద పడుతుంటే సిగ్గేసి, గోడ వైపు తిరిగి తినేవాడు. రోజురోజుకీ ముద్దలు తగ్గిపోయాయి. మనిషి కూడా తగ్గిపోయాడు.

తాతకి నాంచారి అని ఒక్కతే కూతురు. ఆ ఊళ్ళోనే పెళ్ళయి, రెండిళ్ళవతల కాపురం ఉండేది. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని ఆ పనంతా నేర్చుకుంది. నాన్న ఇలా గోడతో కాపురం చేస్తే ఎన్నాళ్ళో బతకడు అని ఆ పిల్లకి భయం పట్టుకుంది. ఎలాగైనా మళ్ళీ నీళ్ళ దగ్గర కూర్చోబెట్టాలి, మళ్ళీ నలుగురిలో కూర్చుని తినేలా చెయ్యాలి అనుకుంది.

అప్పుడు నాంచారి, నాన్నకి నేనే కర్ర చేస్తానంది.

మంచి వెదురు ఏరింది. అమ్మ చేసిన కర్ర పక్కన పెట్టుకుని, అచ్చం అలాగే చేసింది. అదే పొడుగు, అదే బరువు, అదే దారం. తండ్రికి అన్నం పెట్టి చెయ్యి చూడలేదు. మా నాన్న చెయ్యి నాకు తెలీదా అనుకుంది. మనవాళ్ళ సంగతి మనకి తెలుసనుకుంటామే, అక్కడే పొరపాటు పడతాం.

తాత పొద్దున్నే వెళ్ళాడు. ఎండ ముదరకముందే వచ్చేసి, కర్రని కూతురి అరుగు మీద ఆనించాడు.

"చాలా బాగుందమ్మా. మీ అమ్మని పెళ్ళి చేసుకున్నప్పటి చేతికైతే సరిగ్గా సరిపోతుంది" అన్నాడు.

నాంచారికి సిగ్గేసింది. అయినా ఊరుకోలేదు. చెయ్యి వణుకుతోంది కాబట్టి ఆ వణుకు ఆపితే సరి అనుకుంది. ఈసారి లావుపాటి వెదురు తీసుకుంది. పిడిలో సీసం పోసింది. రోకలిలాంటి కర్ర తయారైంది.

నిజంగానే వణుకు ఆగింది. కొస కదల్లేదు. బెండు కప్ప కూడా కదల్లేదు. పండక్కి గారెలు తిని కూర్చున్న మీ తాతయ్యలాగ నీళ్ళలో అలా ఉండిపోయింది. చేపలు వచ్చి చూసి వెళ్ళిపోయాయి. కానీ కూతురు చేసిందని తాత ఒక్క మాట అనలేదు. రోజూ ఆ రోకలి మోసుకుని వెళ్ళడం, ఉత్త చేతుల్తో రావడం. చివరికి ఒకనాడు చొక్కా వేసుకోవడానికి చెయ్యి ఎత్తబోతే భుజం లేవలేదు.

అది చూసి నాంచారి ఏడ్చేసింది. వణుకు ఆపుదామనుకుని నాన్న భుజం విరగ్గొట్టానని తనని తాను తిట్టుకుంది. ఆ కర్ర తెచ్చి పెరట్లో పాదుకి ఊతంగా పాతేసింది. దాని మీద ఆనపపాదు బాగా పాకిందిలే.

తాత భుజానికి ఆముదం రాసి కాపడం పెట్టింది. ఆ నొప్పి తగ్గాక ఒకరోజు ఏం చేసిందో తెలుసా? పరిగెల పులుసు కాచి, తండ్రి ఇంటికి పట్టుకెళ్ళింది. కంచంలో వడ్డించింది. తాత ఎప్పట్లాగే కంచం తీసుకుని గోడ వైపు తిరిగాడు. నాంచారి చక్కా వెళ్ళి ఆ గోడకే చేరబడి, ఆయనకి ఎదురుగా కూర్చుంది. తన కంచం ముందుకి తోసింది.

"ముల్లు తియ్ నాన్నా" అంది.

"నువ్వేమన్నా చిన్నపిల్లవా?"

"గొంతులో గుచ్చుకుంటే నీదే పూచీ మరి."

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. పేరయ్య తాత మహా మొండివాడు, ఎవరికీ వంగేవాడు కాదు. కానీ కూతురు ఆకలితో ఎదురుగా కూర్చుంటే ఏం చేస్తాడు? వణుకుతున్న చేత్తోనే చేప విప్పాడు. ఒక ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. ఇంకోటి తీశాడు. ఇంకోటి. చెయ్యి వణుకుతూనే ఉంది, ఒక్క ముల్లూ తప్పిపోలేదు.

నాంచారి అప్పుడు చూసింది తండ్రి చెయ్యి. ఇన్నాళ్ళూ చూస్తే బాధేస్తుందని చూపు తిప్పుకుంది, గట్టు మీద వాళ్ళలాగే. ఇప్పుడు తిప్పుకోలేదు. ఆ వణుకు అడ్డదిడ్డంగా లేదు. చిన్నగా, గబగబా, ఆగకుండా, ఒకే తీరున ఉంది. నీళ్ళలో ఈదే కప్పపిల్ల కాళ్ళు అలాగే ఆడతాయి.

ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"ఏమ్మా, కారమా?" అన్నాడు తాత.

"ఆఁ, కారం ఎక్కువైంది."

"వండింది నువ్వే కదే."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ గోడ ముందు నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో.

అప్పుడు నాంచారి మూడో కర్ర మొదలుపెట్టింది. ఈసారి చేతిని మార్చాలనుకోలేదు. ఉన్న చేతికే చేసింది. పిడి సన్నగా, తేలిగ్గా ఉంచి, జారకుండా పాత పంచె గుడ్డ చుట్టింది. అది వాళ్ళ నాన్న పంచే. నడుము బిగువుగా ఉంచింది. కొస మటుకు గడ్డిపరకలాగ చెక్కింది. పిడి దగ్గర కాస్త వణికినా, ఆ వణుకు కొస దాకా పాకి, దారం వెంట దిగి, బెండు కప్ప కాళ్ళకి చేరేలాగ.

తాత కర్ర అందుకున్నాడు. పిడి చుట్టూ ఉన్న గుడ్డని బొటనవేలితో ఒకసారి నిమిరాడు.

ఆ నీళ్ళలో ఒక ముదురు కొర్రమీను ఉండేది. ఊళ్ళో ప్రతివాడి గాలమూ చూసిన చేప. అందరి కప్పలూ గెంతుతాయి, ఆగుతాయి, మళ్ళీ గెంతుతాయి. అది తామరాకు కింద పడుకుని, వీళ్ళ ఆటలు నాకు తెలీవా అనుకునేదట. తాత గాలం వేశాడు. చెయ్యి వణికింది. కొస వణికింది. బెండు కప్ప కాళ్ళు చిన్నగా, గబగబా, ఆగకుండా ఆడాయి. కొర్రమీను చూసింది. ఇది కప్పే అనుకుంది. గబుక్కున నోరు తెరిచింది.

కర్ర విల్లులాగ వంగింది. గట్టు మీద నాంచారి సాయం పట్టడానికి ఒక్క అడుగు ముందుకేసి, మళ్ళీ ఆగిపోయి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. అలా ఆగడం ఎంత కష్టమో నీకు తెలీదులే, మీ అమ్మనడుగు చెప్తుంది. తాత లాగాడు, వదిలాడు, లాగాడు. కొంతసేపటికి చేప గట్టెక్కింది. చేప కంటే ముందు తాత కూలబడి కూర్చుని, చేపతో పాటు రొప్పాడు.

ఏమిటీ, పాపం చేపా? మొన్న పులుసు రెండుసార్లు పెట్టించుకున్నప్పుడు రాలేదేం ఈ పాపం?

ఆ తర్వాత తాత మళ్ళీ పనిలోకి దిగాడు. ఆయన ఎదుటివాళ్ళ చెయ్యి చూసి చెప్పేవాడు, నాంచారి దారం చుట్టేది. వచ్చినవాళ్ళకి మళ్ళీ పరిగెల పులుసు. కానీ అదంతా తర్వాత. ముందు ఆ రోజు సంగతి చెప్పాలి.

ఆ రోజు కొర్రమీను కూర వండి, వీధి వీధంతా పిలిచారు. పేరయ్య తాత గోడ దగ్గరికి వెళ్ళలేదు. అరుగు మీద నలుగురి మధ్య కూర్చున్నాడు. మెతుకులు పడ్డాయి. పడితే పడ్డాయి, పిచికలు తిన్నాయి. అప్పుడు నాంచారి వచ్చి పక్కన కూర్చుని, తన కంచం ఆయన ముందుకి తోసింది.

"ముల్లు తియ్ నాన్నా" అంది.

కొర్రమీనుకి ముళ్ళెక్కడుంటాయి, అమ్మడూ? నడుమున ఒక్క ముల్లు, అది గుడ్డివాడైనా తీసేస్తాడు. ఆ సంగతి తాతకి తెలుసు, నాంచారికి తెలుసు, అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. అయినా తాత ఆ కంచం దగ్గరికి లాక్కుని, అందరూ చూస్తుండగా, వణికే చేత్తో నిదానంగా, లేని ముళ్ళన్నీ ఏరిపెట్టాడు.

ఊఁ ఏదీ? నిద్రొస్తోందా?

నా చెయ్యి అలా గట్టిగా పట్టుకోకు, తల్లీ. వణుకు ఆగదు, ఆగక్కర్లేదు కూడా. వదులు, నిన్ను జోకొట్టాలి. చూశావా, నేను కష్టపడకుండానే అదే జోకొడుతోంది. రేపు పొద్దున పాలగ్లాసు మటుకు ఇద్దరం కలిసి పట్టుకుందాం.

కథేమో కంచికి,
కర్రేమో చూరుకి,
కప్పేమో గట్టుకి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంటికి.